హోంవర్క్ ఎందుకివ్వరని అడిగిన అమ్మానాన్నలకు

మా బడిలో ఒకటి, రెండు తరగతులు చదువుతున్న పిల్లల అమ్మలకు, నాన్నలకు, వాళ్ళు ఊళ్ళో లేనప్పుడు పిల్లల్ని సాకుతున్న అమ్మమ్మలకు, మామ్మలకు, తాతయ్యలకు నమస్కారం.

2025 జూలై 10న జరిగిన మెగా పీటీఎంకి, అంటే తల్లిదండ్రులూ టీచర్లూ కలిసి మాట్లాడుకునే సమావేశానికి, మీరంతా వచ్చారు. కూర్చోవడానికి చోటు చాలక కొందరు వరండాలోనే నిలబడ్డారు. ఆ రోజు ఒక తల్లి లేచి అడిగింది: "టీచర్ గారూ, మావాడు ఇంటికి రాగానే సంచి మూలన పడేస్తాడండి. ఏం రాయమన్నార్రా అంటే ఏం లేదంటాడు. పక్కింటి పిల్లాడు కాన్వెంటుకెళ్తాడు, రాత్రి ఎనిమిదింటి దాకా రాస్తూనే ఉంటాడు. మావాడు వెనకబడిపోతాడేమోనని టెన్షన్‌గా ఉందండి." వెనక వరసలోంచి నలుగురైదుగురు "అవునండీ" అన్నారు. అంత జనంలో రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నాను. అది సరిపోలేదని నాకు తెలుసు.

ఆ రాత్రే కువైట్ నుంచి ఇంకో తల్లి వాయిస్ మెసేజ్ పెట్టింది. వీడియో కాల్లో పుస్తకం చూపించమంటే సగం పేజీలు ఖాళీగా కనిపించాయట. "నేనిక్కడ ఇంతింత కష్టపడేది దాని చదువు కోసమేనండి" అంది. గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఆ మెసేజ్ మూడుసార్లు విన్నాను. మీకు సరైన జవాబు బాకీ పడ్డాననిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. దీన్ని వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాను, బడి గోడకి కూడా అంటిస్తున్నాను. చదవడం రానివాళ్ళు ఎవరైనా ఉంటే మా ఐదో తరగతి పిల్లల్ని పిలవండి, చదివి వినిపిస్తారు.

ముందు హోంవర్క్ సంగతి. 2020లో కేంద్ర విద్యాశాఖ స్కూల్ బ్యాగ్ పాలసీ అని ఒకటి తెచ్చింది. రెండో తరగతి దాకా పిల్లలకి అసలు హోంవర్కే వద్దని అందులో ఉంది. ఆ వయసులో ఎక్కువసేపు కుదురుగా కూర్చుని రాయడం వాళ్ళ వల్ల కాదన్నది అందులో చెప్పిన కారణం. మూడు నుంచి ఐదు తరగతులకైనా వారం మొత్తానికి 2 గంటలు దాటకూడదంది. సంచి బరువు కూడా ఒకటి, రెండు తరగతులకి 1.6 నుంచి 2.2 కిలోల మధ్యే ఉండాలంది. హోంవర్క్ బదులు, సాయంత్రం ఇంట్లో ఎలా గడిచింది, ఏ ఆట ఆడారు, ఏం తిన్నారు అనేవి మర్నాడు తరగతిలో పిల్లల చేత చెప్పించమంది. నేను చేస్తున్నది అదే.

రూలుంది కాబట్టి ఇవ్వట్లేదని మాత్రం అనుకోకండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను రోజూ హోంవర్క్ ఇచ్చేదాన్ని. అచ్చులు పదిసార్లు, హల్లులు పదిసార్లు, ఒకటి నుంచి వంద దాకా అంకెలు. నోట్సులు నిండిపోయేవి, తల్లిదండ్రులు సంతోషించేవాళ్ళు. ఒకరోజు ఒక పాపకి బోర్డు మీద 'త' చూపించి ఇదేంటమ్మా అని అడిగాను. ఆ పాప వెంటనే చెప్పలేదు. లోలోపల 'క ఖ గ ఘ' అనుకుంటూ, వేళ్ళు మడుచుకుంటూ, వరసంతా నడిచొచ్చి 'త' దగ్గర ఆగి, అప్పుడు చెప్పింది. ఆరు నెలలుగా రోజూ పదేసిసార్లు రాసిన పిల్ల. ఆ పాపకి అక్షరాల పాట వచ్చు, అక్షరాలు రావు. ఆ తప్పు నాదే. అప్పట్నుంచి నోట్సు నిండటం చూసి పిల్లలకి చదువు వస్తోందని నమ్మడం మానేశాను.

మరి వారమంతా మీ పిల్లలు బడిలో ఏం చేస్తారో చెప్పాలి కదా. పోయిన వారం సంగతే చెప్తాను. ఆ వారమంతా మా పాఠం కొబ్బరిచెట్టు చుట్టూ తిరిగింది. మన కోనసీమలో కొబ్బరిచెట్టు తెలియని పిల్ల లేదు. తెలిసినదాంతో మొదలుపెడితే తెలియనిది భయపెట్టదు.

సోమవారం ప్రతి ఒక్కరినీ కొబ్బరిచెట్టుకి సంబంధించిన వస్తువు ఒకటి తెమ్మన్నాను. ఈనె తెచ్చినవాళ్ళు, పీచు తెచ్చినవాళ్ళు, చిప్ప, మట్ట ముక్క, రాలిన పిందెలు తెచ్చినవాళ్ళు ఉన్నారు. ఒకడు తనకన్నా పొడుగున్న కొబ్బరాకు ఈడ్చుకుంటూ వచ్చాడు. అందరం గుండ్రంగా కూర్చుని, ఎవరు తెచ్చిందాని గురించి వాళ్ళు చెప్పడం మొదలుపెట్టాం. జూన్‌లో బడి తెరిచినప్పట్నుంచి నోరు విప్పని పిల్లాడొకడున్నాడు మా ఒకటో తరగతిలో. వాడి వంతు వచ్చేసరికి లేచి నిలబడి, "మా నాన్న దింపుకెళ్తాడండి" అన్నాడు. కాళ్ళకి బందం ఎలా వేసుకుంటారో, చెట్టు తడిగా ఉంటే ఎందుకెక్కరో, కాయ ముదిరిందో లేదో తట్టి చూసి ఎలా చెప్తారో, చేతులు తిప్పుతూ పది నిమిషాలు చెప్పాడు. పిల్లలంతా నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఆ తండ్రి ఈ ఉత్తరం వింటుంటే ఒక మాట: మీ పని గురించి చెప్పడానికే మీవాడు మొదటిసారి బడిలో మాట్లాడాడు.

వాళ్ళు చెప్పిన మాటల్నే బోర్డు మీద రాశాను. మట్ట, ఈనె, పీచు, చిప్ప, మొవ్వు, పిందె, బొండం. ఇక్కడ మీకొక విషయం చెప్పాలి. వత్తులు కష్టమని మనం చిన్నప్పుడు చివర్లో నేర్చుకున్నాం. కానీ పిల్లల నోట్లో పొద్దస్తమానం ఆడే మాటలు ఒకసారి అనుకుని చూడండి. అమ్మ, నాన్న, అక్క, అన్న, తమ్ముడు, చెల్లి, అత్త, బువ్వ. అన్నిటికీ వత్తులే. తాత, మామ తప్ప ఇంట్లో అందరూ వత్తుతోనే ఉన్నారు. తన ఇంట్లోవాళ్ళ పేర్లు రాయడానికి పిల్ల ఏడాది చివరిదాకా ఎందుకు ఆగాలి? అందుకే 'అమ్మ' అన్న మాటని మొదటి వారమే బొమ్మలా గుర్తుపట్టిస్తాను. విడివిడిగా అక్షరాలు, గుణింతాలు ఒక పక్క నడుస్తూనే ఉంటాయి. అవి మానేశానని కంగారుపడకండి.

మంగళవారం ఇసుకలో రాత. గోదావరి ఇసుక పళ్ళేల్లో పోసి వేలితో రాయిస్తాను. 'మ'కీ 'య'కీ, 'వ'కీ 'ప'కీ పిల్లలు తికమకపడతారు. నోట్సులో తప్పు రాస్తే కొట్టివేత కనిపిస్తుంది, పిల్లకి సిగ్గేస్తుంది. ఇసుకలో అయితే అరచేత్తో చెరిపేసి మళ్ళీ రాస్తుంది. ఆ రోజు మీవాళ్ళ నోట్సులు ఖాళీగా ఉంటాయి, గోళ్ళల్లో ఇసుక ఉంటుంది.

బుధవారం లెక్కలు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పనివ్వండి, మీలో చాలామంది దిగులు దీనిమీదే. వారం మొదట్లో తెచ్చిన ఈనెల్ని విరిచి చిన్న పుల్లలు చేశాం. పదేసి పుల్లలకి ఒక కట్ట, రబ్బరు బ్యాండు వేసి. విడివిడిగా ఉన్నవి ఒకట్లు, కట్టలు పదులు. ఇరవై మూడు అంటే రెండు కట్టలు, మూడు పుల్లలు. తెలుగులో మనం 'ఇరవై' ముందు అంటాం, 'మూడు' తర్వాత అంటాం. రాసేటప్పుడూ 2 ముందు, 3 తర్వాత. చెవికి వినిపించిన వరసలోనే చేతికి వస్తుంది. ఇంగ్లీషులో 'థర్టీన్' అన్నప్పుడు మూడు ముందు వినిపిస్తుంది. అందుకే కొందరు పిల్లలు 13 రాయమంటే 31 రాస్తారు. ఆ పిల్లలకి లెక్క రాదనుకోకండి, విన్నదాన్ని విన్న వరసలోనే రాశారు. ముందు తెలుగులో పుల్లలతో పదులు, ఒకట్లు గట్టిపడితే ఆ తర్వాత ఇంగ్లీషు పేరు దాని మీద కూర్చోబెట్టడం తేలిక. మన లెక్కల పుస్తకం ఒక పక్క తెలుగులో, ఎదురు పక్క ఇంగ్లీషులో అచ్చయ్యింది అందుకే. ఇంట్లో మీరు తెలుగు పేజీ మూసేసి ఇంగ్లీషు పేజీయే చదివించాలని చూడకండి. రెండూ కావాలి, తెలుగు ముందు కావాలి.

ఆ రోజు భోజనం దగ్గర కూడా లెక్కే. మన బడిలో ఐదు తరగతులకీ కలిపి 43 మంది. బుధవారం 41 మంది వచ్చారు. గుడ్ల అట్టలో 30 పడతాయి. "ఒక అట్ట నిండా తీసుకుంటే ఇంకెన్ని కావాలి?" అని అడిగితే రెండో తరగతి పిల్లలు వేళ్ళు, పుల్లలు, గోడ మీద గీతలు, ఎవరికి తోచిన దారిలో వాళ్ళు 11కి చేరారు. ఒక పాప మూడు కట్టలు పక్కన పెట్టి మిగతావి లెక్కపెట్టింది. తీసివేత అన్న మాట నేనింకా పలకనే లేదు.

భోజనం మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి ముందుకెళ్తాను. మన మధ్యాహ్న భోజన పథకానికి 2024లో పెట్టిన పేరు డొక్కా సీతమ్మ గారిది. ఆవిడ మన లంకల గన్నవరంలో, ఆకలని ఏ వేళప్పుడు ఎవరొచ్చినా అన్నం వండి పెట్టిన తల్లి. ఆ సంగతి పిల్లలకి చెప్పాను. ఆ మర్నాటి నుంచి వరసలో తోసుకోవడం కొంచెం తగ్గింది. మీరూ ఇంట్లో ఆవిడ గురించి చెప్పండి. మీ పెద్దవాళ్ళకి నాకన్నా ఎక్కువ కథలు తెలిసి ఉంటాయి.

గురువారం కొలతలు. ఒక బకెట్ నిండటానికి ఎన్ని చిప్పల నీళ్ళు పడతాయో కొలవమన్నాను. మూడు జట్లు, మూడు బకెట్లు, ఎవరి చిప్ప వాళ్ళది. బకెట్లు మూడూ ఒకే సైజు. ఒక జట్టుకి 38 వచ్చింది, ఒక జట్టుకి 45, ఇంకో జట్టుకి 52. పెద్ద గొడవైంది. మీరు సరిగా ముంచలేదంటే మీరే నీళ్ళు ఒలకబోశారని. నేను మధ్యలోకి వెళ్ళకుండా కూర్చున్నాను. చివరికి రెండో తరగతి పిల్ల ఒకతె చిప్పలు మూడూ పక్కపక్కన పెట్టి, "చిప్పలే ఒకలా లేవండి. అందరికీ ఒకటే చిప్ప ఉండాలండి" అంది. లీటరు అన్నది ఎందుకు పుట్టిందో ఆ పిల్ల తనంతట తను కనుక్కుంది. పుస్తకంలో లీటరు పాఠం వచ్చేసరికి ఆ మాట వాళ్ళకి కొత్తగా ఉండదు. సాయంత్రం ఒక తాతయ్య గారు ఇంట్లో అటక మీద ఉన్న పాత తవ్వ, సోల పంపించారు. రెండు సోలలు పోస్తే తవ్వ నిండిందని పిల్లలు చూసి చప్పట్లు కొట్టారు. ఆ తాతయ్య గారికి నా దండాలు.

ఆ రోజే మీలో కొందరి పిల్లలు బట్టలు తడుపుకుని ఇంటికొచ్చారు. జ్వరాలొస్తాయని ఇద్దరు ఫోన్ చేశారు. మీ మాట న్యాయమే. ఇకనుంచి నీళ్ళ పని ఉన్న రోజు ముందే చెప్తాను, పాత బట్టలు వేసి పంపండి.

శుక్రవారం ఒక్కొక్కరినీ నా పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తాను. నా దగ్గర 19 మంది. ఒకరు చదువుతుంటే మిగతావాళ్ళు బొమ్మలు వేస్తూనో కథల పుస్తకాలు తిరగేస్తూనో ఉంటారు. చిన్న తరగతుల్లోనే చదవడం, లెక్కలు గట్టిపడాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లెక్క ప్రకారం ఒకటో తరగతి అయ్యేసరికి నాలుగైదు మాటల వాక్యం చదవాలి, 99 దాకా అంకెలు రావాలి. రెండో తరగతి అయ్యేసరికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలి, 999 దాకా అంకెలు రావాలి. నిమిషానికి ఇన్ని మాటలన్న లెక్కతో నాకు కొంచెం పేచీ ఉంది. 'వెళ్ళిపోయిందట' అని తెలుగులో ఒకే మాటలో కథంతా ఉంటుంది, దాన్నీ 'తల' అన్న మాటనీ ఒకేలా లెక్కపెట్టలేం. అయినా గమ్యం అదే, దాని వైపే నడుస్తున్నాం.

మీ దగ్గర దాచకుండా చెప్పాల్సింది కూడా ఉంది. రెండో తరగతిలో ముగ్గురు పిల్లలు ఇంకా రెండక్షరాల మాటలు కూడబలుక్కుంటున్నారు. ఎవరన్నది ఇక్కడ రాయను, ఆ ఇళ్ళకి నేనే వచ్చి మాట్లాడతాను. ఒకే గదిలో రెండు తరగతులు, ఒక్కదాన్నే టీచర్ని. ఒక తరగతికి చెప్తుంటే ఇంకో తరగతికి చేతినిండా పని పెట్టాలి. కొన్ని వారాలు అనుకున్నట్టు సాగవు. పొద్దున్నే నా చేతిలో ఫోన్ చూసి మీలో ఒకరు బాధపడ్డారని తెలిసింది. హాజరు, భోజనాల లెక్క అన్నీ ఇప్పుడు ఫోన్లోనే పంపాలి. అది తప్పదు. ఆ పని తొందరగా ముగించి పిల్లల దగ్గరికి వెళ్ళాలని నాకూ తొందరే.

ఇక శనివారం. నో బ్యాగ్ డే, పుస్తకాల సంచి లేకుండా వచ్చే రోజు. పోయిన శనివారం ఒక తాతయ్య గారు వచ్చి కొబ్బరాకుతో బూర, గడియారం, గాలికి తిరిగే పంకా చేయడం నేర్పారు. పిల్లలు మూడు గంటలు కదల్లేదు. ఆకుని సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడిచి, ఒక దాని కింద నుంచి ఇంకోటి దూర్చి లాగాలి. వేళ్ళకి ఆ పట్టు వస్తేనే పెన్సిల్ పట్టుకున్నప్పుడు చెయ్యి నొప్పి పుట్టకుండా రాయగలరు. 'సగం', 'పావు' అన్న మాటలు ఆ ఆకు మడతల్లోనే వాళ్ళకి దొరికాయి. మధ్యాహ్నం గచ్చు మీద వామనగుంటలు గీశాం. పద్నాలుగు గుంటలకి ఐదేసి చింతగింజలు వేస్తే మొత్తం ఎన్ని కావాలని అడిగితే, ముందు గింజలన్నీ పోసి లెక్కపెట్టారు. రెండో ఆటకి ఒకడు ఐదేసి కూడుకుంటూ 70 అనేశాడు.

ఆ రోజు నలుగురు రాలేదు. ఎందుకని అడిగితే, "శనివారం ఆటలేగా టీచర్, ఇంట్లో ఉండమన్నారు" అన్నారు. సోమవారం ఇంకా ఎక్కువమంది మానేస్తున్నారు. ఆదివారం అమ్మమ్మగారింటికో పెళ్ళికో వెళ్ళడం, మర్నాడు అలిసిపోయారని ఆపేయడం. ఈ ఉత్తరంలో నేను మిమ్మల్ని గట్టిగా అడిగేది ఇదొక్కటే. మా వారం సోమవారం మొదలైన ముడి, శనివారం దాకా అల్లుకుంటూ వెళ్తుంది. సోమవారం మాటలు చెప్పని పిల్లకి మంగళవారం ఇసుకలో రాసేవి ఎక్కడివో తెలియదు. ఈనెలు తేని పిల్లాడు బుధవారం పక్కవాడి కట్ట చూస్తూ కూర్చుంటాడు. చట్టం ప్రకారం ఐదో తరగతి దాకా బడి ఏడాదికి కనీసం 200 రోజులు నడవాలి. వారానికి ఒక్కరోజు మానేసినా అందులో 33 రోజుల దాకా పోతాయి. అంటే నెలకి పైగా బడి లేనట్టే. హోంవర్క్ ఎంత రాయించినా ఆ నెల తిరిగి రాదు.

కువైట్‌లో, మస్కట్‌లో, దుబాయ్‌లో ఉన్న అమ్మలకి విడిగా నాలుగు మాటలు. వీడియో కాల్లో పుస్తకం చూపించమనకండి. "ఇవాళ బడిలో నీ చేత్తో ఏం చేశావు?" అని అడగండి. "ఎవరు ఏం చెప్పారు?" అని అడగండి. మొదట్లో "ఏం లేదు" అంటారు, రెండో రోజూ అదే అంటారు. వదలకుండా మీరున్నచోటి సంగతి ఒకటి చెప్పి మళ్ళీ అడగండి. అక్కడ మీరు వండే కూర పేరు, కిటికీలోంచి కనిపించే చెట్టు పేరు, మీ బస్సు నంబరు చెప్పండి. మర్నాడు ఆ సంగతి వాళ్ళు తరగతిలో చెప్తారు. మా గోడ మీద మీ మాటలకి చోటుంది. పోయిన నెల ఒక పాప వాళ్ళమ్మ చెప్పిన ఖర్జూరం చెట్టు బొమ్మ వేసి, మన కొబ్బరిచెట్టు పక్కన అంటించి, రెంటికీ తేడాలు చెప్పింది. ఆ బొమ్మ ఇప్పటికీ గోడ మీదే ఉంది.

నా వైపు నుంచి ఒక మార్పు చేస్తున్నాను. ప్రతి శుక్రవారం సాయంత్రం గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ పెడతాను. ఆ వారం ఏం చేశామో, వచ్చే సోమవారానికి పిల్లలు ఏం తేవాలో చెప్తాను. మీకు సందేహం ఉంటే ఏ రోజైనా బడి వదిలే వేళకి రండి. మీ పిల్ల మీ ముందే ఇసుకలో రాసి, పుల్లలతో లెక్క చేసి చూపిస్తుంది. అప్పటికీ తృప్తి లేకపోతే కూర్చుని మాట్లాడుకుందాం.

వచ్చే వారం మా పాఠం గోదావరి. సోమవారం ప్రతి ఒక్కరూ ఒక ఖాళీ సీసా, పడవ చేయడానికి పాత కాగితాలు తేవాలి. లంకలోకి పడవ నడిపే తాతయ్య గారొకరు శనివారం ఉదయం 10 గంటలకి వస్తానన్నారు. వరదప్పుడు నీటిమట్టం ఎలా చూస్తారో, తెడ్డు ఎలా పడతారో పిల్లలకి చెప్తారు. మీకు వీలైతే మీరూ రండి. బల్లలు తీయించి చాపలు వేయిస్తాను.

ఇట్లు,
మీ పిల్లల టీచర్